అట్టపెట్టె మీది చెట్టు గుర్తు అడవిని కాపాడుతుందా?

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం. సంచిక కోసం అక్కడక్కడా సవరించి ఇచ్చాను.)

 

కమిటీ వాళ్ళు నాకిచ్చిన అంశం "ఇంజనీరుగా నా ప్రస్థానం". అందులో ఇరవై నిమిషాల సరుకు లేదండి. అట్టపెట్టెలు చేసే ఫ్యాక్టరీల్లో ముప్పై ఏళ్ళ నుంచి పనిచేస్తున్నాను, అంతే. అందుకని అధ్యక్షుల వారిని ముందే అడిగి అంశం మార్చుకున్నాను. మార్చుకోవడానికి రెండు కారణాలున్నాయి.

మొదటిది మన వాట్సాప్ గ్రూపులో నడుస్తున్న గొడవ. బడికి కొత్త బల్లలు చేయించి ఇద్దామని సంఘం తీర్మానించింది. ఏ కలపతో అన్న దగ్గర రెండు పక్షాలయ్యాయి. విదేశాల్లో ఉన్న మన తమ్ముళ్ళు "అడవిని పాడుచేయని కలప అని సర్టిఫికెట్ ఉన్నదే కొందాం" అన్నారు. ఇక్కడున్న వాళ్ళు "కళ్ళ ముందు సిల్వర్ ఓక్ తోటలుండగా సర్టిఫికెట్ ఏమిట్రా" అన్నారు. రెండో కారణం గ్రూపులో రాలేదు, నాకు ఫోనులో వచ్చింది. కాఫీ తోట ఉన్న నా క్లాస్‌మేట్ ఒకడు అడిగాడు: "ఎవరో వచ్చి మా తోటల్లో చెట్లకు సర్టిఫికెట్ ఇప్పిస్తామంటున్నారు. రేటు ఎక్కువ వస్తుందట. సంతకం పెట్టమంటావా?" ఇంగ్లీషులో ఉన్న నాలుగు పేజీల కాగితం ఫొటోలు తీసి పంపాడు. ఆ కాగితం గురించి చివర్లో చెబుతాను. ముందు ఆ గుర్తు ఏమిటో చెప్పాలి. ఎందుకంటే దాన్ని ఏటా లక్షల పెట్టెల మీద అచ్చు వేయించే ఉద్యోగం నాది.

మా ఫ్యాక్టరీలో చేసే పెట్టెల్లో ఎక్కువ భాగం రొయ్యల ఎగుమతిదారులకు వెళ్తాయి. అమెరికాలో, యూరప్‌లో కొనేవాళ్ళు కొందరు పెట్టె మీద ఎఫ్‌ఎస్‌సీ గుర్తు ఉండాలని షరతు పెడతారు. టిక్కు మార్కు పెట్టబోయి చెట్టు గీసినట్టుండే చిన్న బొమ్మ అది. మీ పిల్లల నోటు పుస్తకాల వెనక, పాల డబ్బాల మీద చూసే ఉంటారు. పూర్తి పేరు ఫారెస్ట్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్. అడవిని జాగ్రత్తగా చూసుకుంటూ తీసిన కలప నుంచి ఈ వస్తువు వచ్చిందని ఆ బొమ్మ అర్థం. కనీసం కొనేవాడు అలా అర్థం చేసుకుంటాడు.

ఆ గుర్తు వేసుకోవడానికి మాకు ఏటా ఒక ఆడిట్ ఉంటుంది. ఆడిటర్ వస్తాడు, మంచి మనిషే, పని వచ్చినవాడే. పేపరు రీళ్ళు ఎవరి దగ్గర కొన్నాం, వాళ్ళ సర్టిఫికెట్ నంబరు చెల్లుతుందా లేదా, ఎన్ని టన్నులు లోపలికి వచ్చాయి, ఎన్ని టన్నుల పెట్టెలు బయటికి వెళ్ళాయి, తుక్కు ఎంత, గుర్తు రంగు, సైజు సరిగ్గా ఉన్నాయా అని చూస్తాడు. ఇన్వాయిస్ మీద రాయాల్సిన మాట రాశామా, స్టోర్ కుర్రాడికి శిక్షణ ఇచ్చినట్టు సంతకాలున్నాయా అనీ చూస్తాడు. ఇన్నేళ్ళలో ఆడిట్‌లో చెట్టు ప్రస్తావన ఒక్కసారీ రాలేదు. అది అతని తప్పు కాదు. అతని పని గొలుసు తనిఖీ. సర్టిఫికెట్లు రెండు రకాలు: ఒకటి అడవికో తోటకో ఇచ్చేది, రెండోది అక్కడి నుంచి మిల్లు, ప్రెస్సు, మా ఫ్యాక్టరీ మీదుగా సరుకు చేతులు మారే గొలుసుకు ఇచ్చేది. మాది రెండోది.

కోటా బియ్యం డిపో రిజిస్టరు మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. వచ్చిన బస్తాలు, పంచిన కిలోలు, మిగిలినవి అన్నీ కలిస్తే రిజిస్టరు సరిగ్గా ఉన్నట్టే. కానీ ఆ బియ్యం కొండ మీది గూడెంలో ముసలమ్మ గిన్నెలోకి చేరాయో లేదో రిజిస్టరు చెప్పదు, గూడేనికి వెళ్ళి చూడాలి. మా ఆడిట్ ఆ రిజిస్టరు లాంటిది. అది అవసరమే, లేకపోతే ఎవడికి తోచిన గుర్తు వాడు వేసుకుంటాడు. కానీ అడవి సంగతి దానికి తెలియదు.

ఇంకో విశేషం. గుర్తు కింద సన్నని అక్షరాల్లో ఒక మాట ఉంటుంది. "100 శాతం" అని ఉంటే మొత్తం సర్టిఫికెట్ ఉన్న చోటి నుంచే వచ్చింది. "రీసైకిల్డ్" అంటే పాత కాగితం నుంచి చేసింది. "మిక్స్" అంటే కలగలుపు. ఈ కలగలుపులో ఒక లెక్క పద్ధతి ఉంది. సర్టిఫికెట్ ఉన్న సరుకు డెబ్బై టన్నులు, లేని సరుకు ముప్పై టన్నులు ఒకే తొట్టిలో పడితే, బయటికి వచ్చిన దానిలో డెబ్బై టన్నుల సరుకు మీద గుర్తు వేయవచ్చు. మీ చేతిలోని పెట్టెలో ఏ పీచు ఎక్కడిదో ఎవరూ చెప్పలేరు. మిగతా ముప్పై టన్నులకూ కొన్ని కనీస నిబంధనలున్నాయి, దొంగ కలప, హక్కుల ఉల్లంఘన జరిగిన చోటి కలప ఉండకూడదంటారు. ఇక మన దేశంలో అట్టపెట్టెలకు వాడే క్రాఫ్ట్ పేపరులో ఎక్కువ భాగం పాత కాగితమే. అంటే చెట్టు బొమ్మ ఉన్న చాలా పెట్టెల్లో కొత్తగా కొట్టిన చెట్టు ఒక్కటీ ఉండదు. నాకు ఇది మంచి విషయంగానే కనిపిస్తుంది, కానీ బొమ్మ చూసి కొనేవాడు ఊహించుకునేది వేరు.

ఈ గుర్తు ఎందుకు పుట్టిందో రెండు మాటలు. 1992లో రియోలో దేశాలన్నీ కూర్చుని అడవుల మీద కట్టుబడే ఒప్పందం ఒకటి చేసుకోలేకపోయాయి. ప్రభుత్వాల వల్ల కానిది బజారు ద్వారా చేద్దామని పర్యావరణ సంస్థలు, కలప వ్యాపారులు, ఆదివాసుల తరఫు సంఘాలు కలిసి 1993లో టొరంటోలో ఎఫ్‌ఎస్‌సీని పెట్టుకున్నారు. పది సూత్రాలు రాసుకున్నారు. చట్టాన్ని పాటించడం, పనివాళ్ళ హక్కులు, ఆదివాసుల హక్కులు, విలువైన పాత అడవులను కాపాడటం వంటివి. కాగితం మీద చూస్తే నిజంగా మంచి సూత్రాలు. స్థాపనలో ఉన్న గ్రీన్‌పీస్ ఇంటర్నేషనల్ 2018లో బయటికి వచ్చేసింది, సూత్రాలున్నా అవి అమలైన తీరు అన్ని చోట్లా ఒకేలా లేదని. దానికి పోటీగా 1999లో పీఈఎఫ్‌సీ అని ఇంకోటి వచ్చింది. మన దేశానికీ సొంత పథకం ఉంది. 2023 డిసెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ భారత అటవీ, కలప సర్టిఫికేషన్ పథకాన్ని ప్రకటించింది.

సరే, అడవిని కాపాడిందా?

ముందు మన కొండల సంగతి చూద్దాం. "అడవిని కాపాడటం" అన్న మాట ఇక్కడ కొత్తది కాదు, దాని కింద మన తాతలు నలిగారు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక గూడెం, రంప కొండల్లో రిజర్వు హద్దులు గీశారు. పోడు నేరమైంది, మేకలు మేపినా, మాను తెచ్చుకున్నా జరిమానా అయింది. ఆ చట్టం రాసినవాళ్ళూ నిలకడైన దిగుబడి అనే అన్నారు, అడవిని తగలేయమని కాదు. పెరిగినంతే నరకాలి, మళ్ళీ నాటాలి అన్న జర్మనీ అటవీ శాస్త్రం వాళ్ళది. కానీ ఎవరి కోసం నిలకడ? ఓడలకు, రైలు పట్టాలకు, ఖజానాకు. గూడెంలో ఉన్నవాడి వంటచెరకు ఆ లెక్కలోకి రాలేదు. దానికి తోడు ఘాట్ రోడ్డు పనిలో గూడెం తహసీల్దారు బాస్టియన్ చేయించిన వెట్టి. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడిన అల్లూరి సీతారామరాజు వెనక నడిచినవాళ్ళలో మన చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళున్నారు. మన జిల్లాకు ఇప్పుడు ఆయన పేరే. అందుకని అడవిని కాపాడతామని ఎవరు కాగితం పట్టుకుని వచ్చినా, ఎవరి కోసం అని అడగడం మనకు వారసత్వంగా వచ్చింది.

ఇక కాగితం మిల్లులు. మా చిన్నప్పుడు వెదురు లారీలు వరసగా దిగుతుండేవి. రాజమండ్రి కాగితం మిల్లుకు రంపచోడవరం, మారేడుమిల్లి వైపు అడవుల వెదురు ముడిసరుకు. మనకేమో వెదురంటే తట్ట, బుట్ట, తడిక, వానాకాలంలో వెదురు కొమ్ముల కూర. ఇప్పటి పిల్లలకు బొంగులో చికెన్ అంటేనే వెదురు గుర్తొస్తుంది, అది వేరే సంగతి. అడవి వెదురు మీద మిల్లుల బరువు తగ్గింది. ఎలా తగ్గింది?

1988 జాతీయ అటవీ విధానం పరిశ్రమలకు ఒక మాట చెప్పింది: మీ ముడిసరుకు మీరు రైతులతో కలిసి పెంచుకోండి, ప్రభుత్వ అడవి మీద ఆధారపడకండి. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు, ఆమోదం పొందిన ప్రణాళిక లేకుండా అడవిలో చెట్టు కొట్టకూడదని ఆదేశించింది. దాంతో మిల్లులు పొలాల వైపు తిరిగాయి. సారపాకలో ఉన్న ఐటీసీ వాళ్ళు జామాయిల్‌లో మంచి రకాలను ఎంచి క్లోన్లు చేశారు, "భద్రాచలం క్లోన్లు" అని దేశమంతా పేరు. కోస్తాలో సరుగుడు, ప్రకాశం, కృష్ణా వైపు సుబాబుల్, ఖమ్మం వైపు జామాయిల్. ఇవాళ మన రెండు రాష్ట్రాల మిల్లులు నమిలే కలప ప్రధానంగా రైతు పొలంలో పెరిగినదే. ఎఫ్‌ఎస్‌సీ గుర్తు ఇవన్నీ జరిగాక వచ్చింది. మిల్లులు రైతులను గుంపులుగా చేర్చి ఆ పొలాలకే సర్టిఫికెట్ తీసుకున్నాయి.

కాబట్టి లెక్క సరిగ్గా రాయాలంటే, మన కొండల వెదురును మిల్లు నుంచి తప్పించింది చట్టం, కోర్టు, రైతు, క్లోన్ మొక్క. గుర్తుకు ఆ పేరు ఇవ్వడం న్యాయం కాదు. గుర్తు చేసింది ఏమైనా ఉంటే, జరిగిన మార్పును ఎగుమతి బజారులో అమ్ముకునే వీలు కల్పించడం. అదీ చిన్న విషయం కాదు. బజారులో విలువ ఉంటే మిల్లు వెనక్కి పోదు. అలాగని ఆ పొలాలను అడవి అనకండి. సరుగుడు తోట సరుగుడు తోటే. అందులో ఉడుత కూడా విసుక్కుంటుంది. పైగా ఆ రైతుకు ధర పడిపోయిన ఏళ్ళలో గుర్తు ఆదుకోలేదు, సుబాబుల్ రైతులు గిట్టుబాటు ధర కోసం రోడ్డెక్కడం మనం చూశాం.

బయటి ప్రపంచంలో రెండు ఉదాహరణలు చెబుతాను, ఒకటి చెడ్డది, ఒకటి మంచిది. లండన్‌కు చెందిన ఎర్త్‌సైట్ అనే సంస్థ 2020లో ఒక నివేదిక బయటపెట్టింది. ఉక్రెయిన్ కార్పేతియన్ కొండల్లో, జంతువులు పిల్లలను కనే కాలంలో నరకకూడదన్న నిషేధం ఉండగా ప్రభుత్వ అటవీ సంస్థలు బీచ్ చెట్లు కొట్టాయని, ఆ కలప ఐకియా కుర్చీల్లోకి చేరిందని దాని ఆరోపణ. ఆ అడవులకు ఎఫ్‌ఎస్‌సీ సర్టిఫికెట్ ఉంది. అంటే రిజిస్టరు సరిగ్గానే ఉంది.

ఇలా ఎందుకు జరుగుతుందో ఇక్కడున్న మాస్టార్లకు నేను చెప్పక్కర్లేదు. తనిఖీ చేసేవాడికి ఫీజు ఇచ్చేది తనిఖీ చేయించుకునేవాడే. పరీక్ష రాసిన పిల్లవాడు పేపరు దిద్దే మాస్టారికి జీతం ఇచ్చినట్టు. నచ్చకపోతే వచ్చే ఏడాది ఇంకో మాస్టారిని పెట్టుకుంటాడు. ఆ తనిఖీ సంస్థల మీద నిఘాకు ఇంకో సంస్థ ఉంది, వాళ్ళు కొందరిని సస్పెండ్ కూడా చేశారు. అయినా మూలంలో ఉన్న వంకర అలాగే ఉంది.

మంచి ఉదాహరణ ఆఫ్రికాది. గాబన్, కాంగో రిపబ్లిక్‌లలో పద్నాలుగు కలప కంపెనీల అడవుల్లో కెమెరాలు కట్టి జంతువులను లెక్కించారు, ఏడింటికి సర్టిఫికెట్ ఉంది, ఏడింటికి లేదు. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయం వాళ్ళు చేసిన పని, 2024లో నేచర్ పత్రికలో వచ్చింది. సర్టిఫికెట్ ఉన్న అడవుల్లో ఏనుగులు, గొరిల్లాల వంటి పెద్ద జంతువులు స్పష్టంగా ఎక్కువ కనిపించాయి. నాకు నచ్చింది ఆ ఫలితం వెనక ఉన్న పనులు. కలప తీయడం అయిపోయాక లారీ బాటలను మూసేశారు. గేటు దగ్గర బండ్లు ఆపి వేట మాంసం ఉందేమో చూశారు. క్యాంపులో పనివాళ్ళకు బయటి నుంచి మాంసం తెప్పించి పెట్టారు, అడవిలో వేటాడక్కర్లేకుండా. చూడండి, సూత్రం గొప్పది కావడం వల్ల కాదు, గేటు దగ్గర మనిషి నిలబడటం వల్ల జరిగింది. మూసేసిన బాట విలువ మనకు తెలుసు, ఈ కొండల్లో ప్రతి కరెంటు లైను కింద, ప్రతి కాలవ గట్టు పక్క ముందు బాట పడింది, తరవాత గొడ్డలి వచ్చింది.

ఇలాంటిదే మన దగ్గర కూడా ఉంది, దానికి ఏ విదేశీ బొమ్మా లేదు. తపసి బంక. తపసి చెట్టుకు గాటు పెడితే కారే జిగురు, మందుల తయారీకి విదేశాలకు వెళ్తుంది. గిరిజన సహకార సంస్థ 1956 నుంచీ ఉంది కదా, దాని డిపోల్లో కొనేవారు. ఎక్కువ బంక కోసం గొడ్డలితో లోతుగా గాట్లు పెట్టేవాళ్ళు. చెట్టు నాలుగేళ్ళు కారి చచ్చిపోయేది. బంకలో బెరడు, మట్టి కలిసేవి, రేటూ తక్కువే. ఆ తరవాత కోవెల్ ఫౌండేషన్, జీసీసీ కలిసి గిరిజనులకు శిక్షణ ఇచ్చారు: చిన్న పనిముట్టు, బెరడు వరకే గాటు, లేత చెట్టును ముట్టకూడదు, గాటు మానేదాకా ఆగాలి. శుభ్రమైన బంకకు వేరే గ్రేడు, వేరే ధర. చెట్టు బతికింది, చేతికి డబ్బులూ పెరిగాయి. ధర తీసుకునేవాడు, చెట్టు ఎక్కేవాడు ఒకడే కాబట్టి కుదిరింది. ఎఫ్‌ఎస్‌సీ పది సూత్రాల కంటే ఈ ఒక్క గాటు పాఠం నాకు ఎక్కువ నేర్పింది.

ఇప్పుడు ఇంకో ప్రశ్న. గుర్తు నూటికి నూరు పాళ్ళూ నిజాయితీగా పనిచేసిందే అనుకుందాం. అప్పుడైనా మన అడవి నిలుస్తుందా? మన అడవికి వచ్చిన పెద్ద గండాలు కలప వల్ల రాలేదండి. 2015లో జర్రెల, చింతపల్లి అడవిలో 1,212 హెక్టార్లు బాక్సైట్‌కు ఇస్తూ జీవో 97 వచ్చింది. దాన్ని ఆపింది ఊరూరా గ్రామసభలు, పాదయాత్రలు, ఆ వెనక 1/70 చట్టం, 1997 సమతా తీర్పు, పీసా, అటవీ హక్కుల చట్టం. జీవో చివరికి 2019లో రద్దయింది. అట్టపెట్టె మీద బొమ్మకు అక్కడ ఏ పాత్రా లేదు. ఉండే అవకాశమూ లేదు.

మన ఊరే తీసుకోండి. మాచ్‌ఖండ్ 1955లో వెలిగింది, మన పవర్ హౌస్ 1967లో తిరగడం మొదలుపెట్టింది, ఇప్పుడు 240 మెగావాట్లు. బోర్డు ఉద్యోగి కొడుకును, ఆ కరెంటు జీతంతో చదువుకున్నవాణ్ణి, దాన్ని తప్పు అనను. ఈ బడి కూడా ఆ కాలనీ నీడనే పెరిగింది. కానీ నీళ్ళ కింద పోయిన అడవి, లైన్ల కింద కొట్టిన అడవి ఏ సర్టిఫికెట్ లెక్కలోనూ పడదు. ఇప్పుడు 1,350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు వస్తోంది. మళ్ళీ అటవీ భూమి కావాలి. అది అవసరమా కాదా అని ఇవాళ ఈ వేదిక మీద తేల్చను. ఆ లెక్క గ్రామసభలో, అటవీ అనుమతి కాగితాల్లో తేలాలి, అక్కడ మన పూర్వ విద్యార్థులు కూర్చుని ఆ కాగితాలు చదివి, చదవలేని వాళ్ళకు తెలుగులో చెప్పాలి. ఆ పని చేయగల ఇంజనీర్లు ఈ హాల్లోనే ఒక డజను మంది ఉన్నారు. పేర్లు చెప్పను, వాళ్ళకు తెలుసు.

ఇక నా క్లాస్‌మేట్ కాగితం. మన ఏజెన్సీలో కాఫీ ఇప్పుడు రెండు లక్షల ఎకరాలకు పైగా ఉంది. ఆర్.వి.నగర్‌లో కాఫీ బోర్డు పరిశోధన కేంద్రం వచ్చిన రోజుల్లో ఎవరూ అనుకోలేదు ఇంత అవుతుందని. పోడు భూమిలో ముందు సిల్వర్ ఓక్ వేసి, రెండు మూడేళ్ళకు దాని నీడలో కాఫీ నాటారు, మానుకు మిరియం పాకించారు. ఇప్పుడు ఆ మాను లావయింది, ప్లైవుడ్ వాళ్ళ కళ్ళు పడ్డాయి. యూరప్ వాళ్ళు 2023లో ఒక చట్టం చేశారు. కాఫీ, కలప, కోకో, రబ్బరు, సోయా, పామాయిల్, పశువులు, ఈ ఏడింటిలో ఏది తమ దేశాలకు వచ్చినా, 2020 డిసెంబరు 31 తరవాత అడవి కొట్టిన భూమిలోది కాకూడదు, పండిన దేశం చట్టాల ప్రకారం పండి ఉండాలి, పొలం ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాలతో చెప్పాలి. అమలు వాయిదాలు పడుతోంది కానీ వ్యాపారులు ఇప్పటి నుంచే కాగితాలు పోగేసుకుంటున్నారు.

ఇందులో మనకు ఒక లాభం ఉంది. "చట్టం ప్రకారం" అన్న చోట అడవి హక్కుల పట్టా పనికొస్తుంది. పట్టా రానివాళ్ళకు, ఇది లేకపోతే మీ కాఫీ కొనరు అని అధికారుల ముందు అడగడానికి ఒక కారణం దొరికింది. నాలుగు హెక్టార్ల లోపు పొలానికి హద్దులన్నీ కొలవక్కర్లేదు, ఒక్క బిందువు చాలు, మనవాళ్ళవి దాదాపు అన్నీ అంతలోపే.

నష్టం కూడా చెప్పాలి. ఉపగ్రహానికి పైనుంచి పచ్చగా కనిపిస్తే చాలు. కింద ఉన్నది మద్ది, నేరేడు, పనస, ఇప్ప, కరక కలిసిన నీడా, వరసకట్టిన ఆస్ట్రేలియా సిల్వర్ ఓక్ ఒక్కటేనా అన్నది దానికి పట్టదు. మనకు పట్టాలి. ఇప్ప పువ్వు, కరక్కాయ, అడ్డాకు అమ్ముకుని పిల్లలను ఈ బడికి పంపిన ఇళ్ళు ఎన్నో. సిల్వర్ ఓక్ నుంచి ఆ మాదిరి ఏటా రాలే సరుకు ఏదీ రాదు, ఒక్కసారి కొడితే వచ్చే డబ్బే. కొడితే నీడ పోతుంది, కాఫీ ఎండకు మాడుతుంది, మిరియం తీగ నేల మీద పడుతుంది.

ఆ నాలుగు పేజీలూ రెండుసార్లు చదివాను. వాడికి నేను చెప్పింది ఇక్కడున్న రైతులందరికీ చెబుతున్నాను. సర్టిఫికెట్ ఎవరి పేరు మీద ఉంటుందో చూడండి. గుంపు సర్టిఫికెట్ సాధారణంగా గుంపును నడిపే సంస్థ పేరున ఉంటుంది, రైతు పేరున కాదు. రేపు వాళ్ళు కాకుండా ఇంకొకరికి అమ్మితే మీ చెట్టుకు గుర్తు ఉండదు. మా వాడి కాగితంలో అలాగే ఉంది. దానికి తోడు కలప వాళ్ళకే అమ్మాలని ఒక షరతు, ధర మాత్రం "అప్పటి బజారును బట్టి" అని. ఎక్కువ రేటు అన్న మాట నోటి మాటే, కాగితంలో లేదు. హక్కుల పట్టా భూమి వారసులకు వస్తుంది కానీ అమ్మడానికీ, బదిలీ చేయడానికీ వీల్లేదు. ఏళ్ళ తరబడి చెట్లను ఒకరికి రాసిచ్చే ఒప్పందం దాన్ని ఎక్కడ తాకుతుందో వకీలును అడగకుండా సంతకం వద్దు. కొట్టడానికి, తరలించడానికి అటవీ శాఖ అనుమతి ఎవరు తెస్తారో రాయించుకోండి. ఊరంతా కలిసి గుంపుగా ఏర్పడి సర్టిఫికెట్ ఊరి సంఘం పేరున తీసుకుంటే, ధర అంకెల్లో ఉంటే, అప్పుడు పెట్టమనే నా సలహా. తిరుగు జవాబు వచ్చేదాకా మా వాడు ఆగాడు. వాళ్ళు మళ్ళీ వస్తామన్నారు.

బల్లల సంగతి. దూరాన ఉన్న తమ్ముళ్ళతో నాకు పేచీ లేదు. వాళ్ళున్న చోట దుకాణంలో బల్ల కొనేవాడికి అది ఏ దేశపు చెట్టో తెలియదు, కాబట్టి గుర్తు చూసి కొనడమే తెలివైన పని, లేనిదాని కంటే అది మేలు. ఇక్కడ మనకు మోడు కూడా చూసే వీలుంది. గాలికి పడిపోయినవి, నీడ ఎక్కువై తీసేయాల్సినవి సిల్వర్ ఓక్ మాన్లు మన బ్యాచ్‌ల వాళ్ళ తోటల్లోనే ఉన్నాయి. అనుమతి కాగితం, బిల్లు ఉన్నవే కొందాం, బజారు రేటు ఇద్దాం, పాత బడి స్నేహమని తగ్గించి అడగవద్దు. తీసిన ప్రతి మానుకు బదులు అదే తోటలో పనసో, నేరేడో, మద్దో నాటించి మూడేళ్ళు చూసే బాధ్యత ఆ బ్యాచ్‌ది. ఒక ఇంజనీరు మాట కూడా వినండి: సిల్వర్ ఓక్ పచ్చిగా కోసి బల్ల చేస్తే మన సీలేరు వానల్లో మొదటి ఏడాదే మెలి తిరుగుతుంది, పుచ్చు పడుతుంది. పలకలు కోశాక నీడలో పేర్చి ఆరబెట్టాలి, తేమ పన్నెండు శాతానికి దిగాలి, మందు పట్టించాలి. కాబట్టి వచ్చే జూన్‌లో బడి తెరిచే నాటికి అన్ని బల్లలూ రావు. సగం రావచ్చు. మిగతావి దసరా సెలవులయ్యాక.

వడ్రంగి అంచనా కాగితం కార్యదర్శి గారి దగ్గర ఉంది. రేపు ఉదయం సర్వసభ్య సమావేశంలో దాని మీద ఓటింగు. మాస్టారు భోజనాలకు ఆలస్యమవుతోందని వాచీ చూపిస్తున్నారు. క్లాసులో కూడా ఆయన అలాగే చూపించేవారు. సెలవు.